మ్యూజిక్ వీడియో తీస్తున్నారా? కెమెరా కంటే ముందు పాట ఎవరిదో తేల్చుకోండి.. నకిరేకల్ మీడియా స్టూడెంట్స్ కోసం పూర్తి గైడ్

నకిరేకల్: యూట్యూబ్‌లో తెలంగాణ జానపదాలకు ఉన్న క్రేజ్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. సినిమా లేదు, పెద్ద హీరో లేడు.. అయినా ఒక్క పాటతో పేరు మార్మోగిపోతోంది. 2021 ఏప్రిల్‌లో వచ్చిన 'బుల్లెట్ బండి' పాటనే తీసుకోండి. లక్ష్మణ్ రాసి, ఎస్‌కే బాజీ మ్యూజిక్ చేసి, మోహన భోగరాజు పాడిన ప్రైవేట్ సాంగ్ అది. అదే ఏడాది ఆగస్టులో మంచిర్యాలలో ఓ పెళ్లికూతురు బరాత్‌లో ఈ పాటకు స్టెప్పులేసింది. ఆ వీడియో ఫోన్ల మీద ఫోన్లు దాటి అందరి చేతుల్లోకీ వచ్చేసింది.

అలాంటివి చూశాక జర్నలిజం, విజువల్ కమ్యూనికేషన్ చదివే పిల్లలు ప్రాజెక్టు అనగానే 'మ్యూజిక్ వీడియో చేద్దాం సార్' అంటున్నారు. మంచిదే. ఫోన్‌లోనే 4కే క్వాలిటీ వస్తున్న రోజులివి. తీయడం పెద్ద కష్టమేం కాదు. తీసి, ఎడిట్ చేసి, అప్‌లోడ్ చేసిన మూడో రోజు 'కాపీరైట్' అంటూ మెయిల్ వచ్చినప్పుడే అసలు కష్టం మొదలవుతుంది. అందుకే ఈ గైడ్‌లో ముందు పాట సంగతి చూద్దాం. షూటింగ్ సంగతి ఆ తర్వాత.

జానపదం అంటే ఎవరిదీ కాదా?

'సారంగదరియా' వివాదం గుర్తుందా? 2021లో 'లవ్ స్టోరీ' సినిమా కోసం సుద్దాల అశోక్ తేజ రాసిన ఈ పాటను మంగ్లీ పాడారు. ఊళ్లల్లో పాడుకునే పల్లవిని తీసుకుని కట్టిన పాట అది. తాను సేకరించి ముందే పాడిన పాట అంటూ జానపద గాయని కోమలి అభ్యంతరం చెప్పారు. టీవీ డిబేట్లు నడిచాయి. చివరికి ఆమెకు గుర్తింపు ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల ప్రకటించాల్సి వచ్చింది. అంత పెద్ద సినిమాకే తప్పలేదంటే కాలేజీ ప్రాజెక్టు ఎంత?

చట్టం ఏం చెబుతోందో మామూలు మాటల్లో చూద్దాం. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. పాట రాసినాయన బతికున్నంత కాలం, పోయాక మరో 60 ఏళ్లు సాహిత్యం మీద హక్కు ఉంటుంది. ఎవరు కట్టారో తెలియకుండా తరాలుగా నోటికి నోరు వచ్చిన నాట్ల పాటకి, బతుకమ్మ పాటకి ఆ హక్కుదారుడు ఉండడు. మీరు కొత్తగా పాడించుకోవచ్చు, కొత్తగా మ్యూజిక్ చేయించుకోవచ్చు. అయితే అదే పాటను ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్లు రికార్డ్ చేస్తే ఆ రికార్డింగ్ మాత్రం వాళ్లదే. దానికి 60 ఏళ్ల హక్కు. పాడినావిడకి గాయనిగా విడిగా హక్కు. పాట ఊరిది, ట్రాక్ ఛానల్‌ది. ఈ తేడా తెలియకే చాలామంది దెబ్బతింటున్నారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో జానపదం అనుకునే పాటల్లో కొన్ని జానపదాలు కావు. సాయుధ పోరాటం నాటి పాటలకు రాసినవాళ్ల పేర్లున్నాయి. 'పల్లెటూరి పిల్లగాడా' పాట సుద్దాల హనుమంతు రాసింది. 'మా భూమి' సినిమాతో అది ఇంటింటికీ చేరింది. హనుమంతు 1982లో చనిపోయారు. అంటే లెక్క ప్రకారం ఆయన రచనల మీద హక్కు 2042 చివరిదాకా కుటుంబానికో, వాళ్లు రాసిచ్చిన వాళ్లకో ఉంటుంది. సినిమాలో వినిపించే రికార్డింగ్ సంగతి మళ్లీ వేరు. 'మా తాత పాడేవాడు' అన్నంత మాత్రాన అది తాత పాట అయిపోదు. ఎవరు రాశారో ముందు వెతకండి. ఊళ్లో పాత కళాకారులు, లైబ్రరీలో పాటల పుస్తకాలు.. రెండు రోజులు తిరిగితే తేలిపోతుంది.

మరి క్లాసులో చూపించుకోవడానికి కూడా పర్మిషన్ కావాలా? పాఠంలో భాగంగా టీచర్లు, విద్యార్థులు వాడుకోవడానికి, కాలేజీలో పరిమిత ప్రేక్షకుల ముందు ప్రదర్శించడానికి చట్టంలోని 52వ సెక్షన్ కొంత వెసులుబాటు ఇచ్చింది. అది కాలేజీ గోడల లోపలి మాట. అదే వీడియోని యూట్యూబ్‌లో పెడితే ఆ వెసులుబాటు మీ వెంట రాదు. డిస్క్రిప్షన్‌లో 'ఎడ్యుకేషనల్ పర్పస్ ఓన్లీ' అని రాసినంత మాత్రాన కూడా ఏం ఒరగదు.

అవ్వతో ఇలా మాట్లాడండి

మీ వాడకట్టులో బాగా పాడే అవ్వ ఉంది అనుకుందాం. ఫోన్ ఆన్ చేసి 'అవ్వా పాడు' అంటే పాడేస్తుంది. అది సులువే. ముందు కూర్చుని అడగండి. "అవ్వా, ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నవ్? నీకంటె ముందు ఎవరు పాడేటోళ్లు? మేం వీడియో తీసి యూట్యూబ్‌ల పెడ్తం, ఊరోళ్లంత చూస్తరు, నీకు సమ్మతమేనా?" అని. వద్దంటే వద్దు. సరే అంటే, పైసలు వస్తే ఆమెకెంత అన్నది కూడా అప్పుడే చెప్పాలి. వైరల్ అయ్యాక చెప్పే మాట మీద ఎవరికీ నమ్మకం ఉండదు.

ఆ మాటలే కాగితం మీద పెట్టండి. హక్కులు రాసివ్వడం రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి. ఇక్కడ విద్యార్థులకు తెలియని పాయింట్లు రెండున్నాయి. చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం కాగితంలో ఎన్నేళ్లకు అన్నది రాయకపోతే 5 ఏళ్లకే ఇచ్చినట్టు లెక్క. ఏ ప్రాంతానికి అన్నది రాయకపోతే ఇండియా వరకే ఇచ్చినట్టు లెక్క. యూట్యూబ్ ప్రపంచమంతా కనిపిస్తుంది కదా? కాబట్టి ఆ ముక్క రాయించుకోవాల్సిందే. అలాగే అవ్వకిచ్చే మొత్తం, వాటా ఎంతో కూడా అందులోనే రాయండి. చదువు రానివాళ్లయితే ఇంట్లో చదువుకున్న మనవడో మనవరాలో చదివి వినిపించాక వేలిముద్ర తీసుకోండి, ఆ చదివినవాళ్ల సాక్షి సంతకం పెట్టించండి. కాగితం ఒక కాపీ వాళ్ల దగ్గర ఉండాలి. ఇది మర్యాద కూడా.

రాసిన ఫ్రెండ్, ట్యూన్ కట్టిన ఫ్రెండ్, కీబోర్డ్ వాయించిన అన్న.. వీళ్లతోనూ ఇదే పద్ధతి. దోస్తుల మధ్య కాగితం ఏంటి అంటారు. దోస్తీ చెడేది సరిగ్గా ఇక్కడే.

బొమ్మ గురించి ఆలోచించేటప్పుడు

మీడియా క్లాసులో ఆండ్రూ గుడ్విన్ పేరు వినే ఉంటారు. 1992లో వచ్చిన తన పుస్తకంలో ఆయన పాటకు, దృశ్యానికి మూడు రకాల సంబంధాలు చెప్పారు. పాటలో ఉన్నదే చూపించడం ఒకటి. పాటలో లేని కొత్త అర్థాన్ని దృశ్యం జోడించడం రెండోది. పాటకు, దృశ్యానికి పొంతన లేకుండా తీయడం మూడోది. ఎగ్జామ్‌లో రాయడానికి కాదు, ప్లాన్ వేసుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది.

వలస మీద పాట చేస్తున్నారనుకోండి. 'పట్నం పోయిండు' అన్న చోట బస్సెక్కే కుర్రాణ్ని చూపిస్తే మొదటి రకం. అదే చోట హైవే పక్క ఇంట్లో తల్లి ఇద్దరికి బదులు ఒక్కరికే బియ్యం కొలుస్తున్నట్టు చూపిస్తే రెండోది. చూసేవాడికి గుర్తుండేది ఆ బియ్యం గ్లాసే. మన దగ్గర వస్తున్న జానపద వీడియోల్లో ఎక్కువ శాతం లంగావోణీలు, వరి పొలం మీద డ్రోన్, స్లో మోషన్‌లో జడ తిప్పడం.. ఇంతే. ఒకటి చూస్తే పది చూసినట్టే. మార్కులిచ్చే సార్లు కూడా అవే చూసి చూసి అలసిపోయి ఉంటారు.

డబ్బులు లేవనే మాట అక్కర్లేదు. అమెరికన్ బ్యాండ్ 'ఓకే గో' 2006లో ఎనిమిది ట్రెడ్‌మిల్స్ మీద డ్యాన్స్ చేస్తూ ఒకే షాట్‌లో ఓ పాట తీసింది. కదలని కెమెరా ఒక్కటే, కట్ లేదు. ప్రపంచమంతా చూసింది. దానికి ఖర్చయ్యింది ఎక్కువగా రిహార్సల్.

80 షాట్లు.. ఒక్క రోజులో అవుతాయా?

ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం. పాట 4 నిమిషాలు, అంటే 240 సెకన్లు. ఒక్కో షాట్ సగటున 3 సెకన్లు అనుకుంటే ఎడిటింగ్‌లో 80 కట్లు. 80 చోట్ల కెమెరా పెట్టాలంటే చచ్చేంత పని. అందుకే ఒక్కో సెటప్ నుంచి మూడేసి కట్లు వచ్చేలా ప్లాన్ చేయండి. దాదాపు 27 సెటప్‌లు అవుతాయి. సెటప్‌కి 20 నిమిషాలు పడితే 540 నిమిషాలు. సరిగ్గా 9 గంటలు, తిండి, ప్రయాణం కాకుండా. చలికాలంలో పనికొచ్చే మంచి వెలుతురు పొద్దున రెండు గంటలు, సాయంత్రం గంటన్నర. కాబట్టి 4 నిమిషాల పాటకి రెండు రోజులు కావాలి. ఒక్క రోజే దొరికితే పాటను రెండున్నర నిమిషాలకు తగ్గించండి. ఫోన్‌లో చూసేవాళ్లకి అది ఇంకా మంచిది.

పాట టెంపో కూడా ముందే తెలుసుకోండి. నిమిషానికి 100 బీట్లు ఉన్న పాటలో ఒక్కో బీట్ 0.6 సెకన్లు. సెకనుకు 25 ఫ్రేమ్‌లు తీస్తే బీట్‌కి సరిగ్గా 15 ఫ్రేమ్‌లు. నాలుగు బీట్లకో షాట్ మార్చాలంటే 60 ఫ్రేమ్‌లు. ఇది తెలిస్తే ఏ షాట్ ఎంతసేపు తీయాలో షూటింగ్‌లోనే అర్థమవుతుంది. డప్పు దెబ్బ మీద కట్ పడితే వచ్చే ఊపు వేరే ఎఫెక్ట్‌లతో రాదు.

నకిరేకల్ చుట్టూ ఏమున్నాయి?

చెప్పాలంటే లొకేషన్లకి ఇక్కడ కరువు లేదు. మొదటిది మన నిమ్మ మార్కెట్. పచ్చగా, పసుప్పచ్చగా కుప్పలు, గోనె సంచులు, వేలం పాట అరుపులు.. ఆర్ట్ డైరెక్టర్ లేకుండానే రంగులు రెడీగా ఉంటాయి. ఇంత మంచి చోటుని పెద్దగా ఎవరూ వాడుకోకపోవడం ఆశ్చర్యమే. కానీ అక్కడ రైతుకి ఆ రోజు రేటు ముఖ్యం, మీ షాట్ కాదు. బేరం నడిచే టైమ్‌లో అడ్డం పోకండి. మార్కెట్ ఆఫీసులో లెటర్ ఇచ్చి, జనం పలచబడ్డాక తీసుకోండి. ముఖాలు దగ్గరగా కనిపించే వాళ్లని విడిగా అడగాలి.

పత్తి తెల్లగా విచ్చుకునేది అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య. వరి పచ్చదనం కావాలంటే కేతేపల్లి వైపు మూసీ ఆయకట్టు ఉంది. తంగేడు పూలు బతుకమ్మ నాటికి. నల్లరాతి గుట్టలు, తాటిచెట్లు ఏడాదంతా ఉంటాయి. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం గుట్ట మీదికి డ్యాన్సర్లను తీసుకెళ్లకండి, రాయి కాలుతుంది.

పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం చూస్తే ఎవరికైనా తీయాలనిపిస్తుంది. లింగం మీద పగలంతా నీడ కదలకుండా నిలిచే గుడి మరి. అలాంటి పాత కట్టడాల్లో టూరిస్టుగా ఫొటో తీసుకోవడం వేరు, ట్రైపాడ్ వేసి, స్పీకర్ పెట్టి డ్యాన్స్ తీయడం వేరు. పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. కొన్ని రోజులు పడుతుంది. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి వస్తుంది, 2025 ఫిబ్రవరిలో జరిగింది. గజ్జెల లాగులు, డప్పులు, కటార్లు.. కెమెరాకి పండగే. కానీ అది జనం మొక్కు. దాన్ని మీ పాటకి బ్యాక్‌గ్రౌండ్ చేసుకోవాలా అన్నది ఒకసారి ఆలోచించండి.

డ్రోన్ సంగతి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల వరకు నానో, అక్కడి నుంచి 2 కిలోల వరకు మైక్రో. పెళ్లిళ్లకు ఎగరేసే డ్రోన్‌ని కిరాయికి తెస్తే దాని యూఐఎన్ నంబర్, ఆపరేటర్ పైలట్ సర్టిఫికెట్ రెండూ చూపించమనండి. గ్రీన్ జోన్‌లోనైనా 400 అడుగులు దాటకూడదు. డ్యామ్‌ల దగ్గర అసలు వద్దు.

ఈ రెండు చోట్ల ప్రాణం మీదికి తెచ్చుకోకండి

ఒకటి, హైవే. ఎన్‌హెచ్ 65 మీద హైదరాబాద్, విజయవాడ మధ్య బండ్లు ఆగవు. డివైడర్ మీద నిలబడి రీల్ తీసుకుంటున్న పిల్లల్ని చూస్తూనే ఉన్నాం. బైక్ షాట్ కావాలంటే ఊరి లోపలి రోడ్డు చూసుకోండి, స్టేషన్‌లో చెప్పండి, హెల్మెట్ పెట్టుకోండి.

రెండోది, ఏరు. మూసీ ప్రాజెక్టుకు పైనుంచి వరద వస్తే గేట్లు ఎత్తుతారు. కింద రాళ్ల మధ్య నీళ్లు పలచగా ఉన్నాయని దిగితే నిమిషాల్లో సీన్ మారిపోతుంది. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లోని బియాస్ నదిలో జరిగింది ఇదే. టూర్‌కి వెళ్లి, నదిలో రాళ్ల మీద ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది పైనున్న లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. నీళ్ల షాట్ కావాలంటే గేట్ల దిగువన కాకుండా ఊరి చెరువు ఒడ్డున తీసుకోండి. ఈత వచ్చినవాళ్లు ఇద్దరు, తాడు ఒకటి ఒడ్డున ఉండాలి.

షూటింగ్ రోజు టెక్నికల్ సంగతులు

ఫోన్ కెమెరా మామూలుగా 30 ఫ్రేమ్‌ల మీద ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. రాత్రి పూట ట్యూబ్‌లైట్ల కింద తీస్తే స్క్రీన్ మినుకుమినుకుమనడానికి ఇదే కారణం. 25 ఫ్రేమ్‌లు, షట్టర్ 1/50 పెట్టుకుంటే ఆ బాధ పోతుంది. ఎండలో అదే షట్టర్ ఉంచాలంటే లెన్స్ ముందు ఎన్‌డీ ఫిల్టర్ పెట్టాలి, లేదంటే మొత్తం తెల్లగా పోతుంది.

ఫోన్లతో ఇంకో సమస్య ఉంది. వెలుతురును బట్టి ఫోన్ తనంతట తానే ఫ్రేమ్ రేటు అటూ ఇటూ మారుస్తుంది. పాట మొదట్లో పెదాలు కరెక్టుగానే కలుస్తాయి, చివరికొచ్చేసరికి జారిపోతాయి. ఫ్రేమ్ రేటు లాక్ చేసే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా లాంటి ఫ్రీ యాప్ వాడండి. ఇప్పటికే తీసేసి ఉంటే హ్యాండ్‌బ్రేక్‌లో వేసి స్థిరమైన ఫ్రేమ్ రేటుకి మార్చుకోండి.

పాట పాడే షాట్లన్నింటికీ ఫైనల్ ట్రాకే ప్లే చేయాలి. 'తర్వాత మ్యూజిక్ మార్చుదాంలే' అంటే కుదరదు. స్పీకర్ శబ్దం కెమెరా మైక్‌కి వినపడాలి, సింక్ చేయడానికి అదే ఆధారం. ప్రతి టేక్ ముందు ఒక చప్పట్లు. చాలా దూరం నుంచి జూమ్ చేసి తీస్తే మాత్రం శబ్దాన్ని నమ్మకండి. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళ్తుంది. 34 మీటర్ల దూరానికే పదో వంతు సెకను, అంటే రెండున్నర ఫ్రేమ్‌ల తేడా వస్తుంది. అలాంటి షాట్లలో పెదాలను కళ్లతో చూసి సర్దుకోవాలి.

స్లో మోషన్‌లోనూ పెదాలు కలవాలా? దానికో పాత చిట్కా ఉంది. ట్రాక్‌ని రెట్టింపు స్పీడ్‌తో ప్లే చేయండి, 50 ఫ్రేమ్‌ల మీద తీయండి, ఎడిటింగ్‌లో 25కి తగ్గించండి. మనిషి గాల్లో తేలినట్టు కదులుతుంది, పాట మాత్రం సరిగ్గా కలుస్తుంది. పాడేవాళ్లు రెట్టింపు స్పీడ్‌ని ఇంట్లో ప్రాక్టీస్ చేసి రావాలి. మొదటిసారి అందరూ నవ్వుతారు, ఆ టైమ్ కూడా షెడ్యూల్‌లో వేసుకోండి.

100 ఎంబీపీఎస్ మీద తీస్తే నిమిషానికి 750 ఎంబీ, గంటకు 45 జీబీ. లొకేషన్ వదిలేముందే రెండు చోట్ల కాపీ చేయండి.

డ్యాన్స్ చేసే అమ్మాయిల గురించి

ఇది ఎవరూ ప్లాన్‌లో రాయరు, కానీ రాయాలి. చిన్న ఊళ్లో వీడియో వచ్చాక కామెంట్లు పడేది అబ్బాయిల మీద కాదు. ఇంట్లో గొడవలు, కాలేజీ మాన్పించడం దాకా పోతుంది వ్యవహారం. షూటింగ్‌కి ముందే స్టోరీబోర్డ్ చూపించండి, బట్టలు వాళ్లనే ఎంచుకోనివ్వండి. ఫైనల్ కట్ చూశాక 'ఈ షాట్ తీసేయ్' అని చెప్పే హక్కు వాళ్లకి ఇవ్వండి. 18 ఏళ్లు నిండనివాళ్లయితే తల్లిదండ్రుల సంతకం తప్పనిసరిగా తీసుకోండి. అప్‌లోడ్ రోజే కామెంట్ల ఫిల్టర్ ఆన్ చేసి, చూసే బాధ్యత టీమ్‌లో ఒకరికి అప్పజెప్పండి.

ఎడిటింగ్, అప్‌లోడ్

కంప్యూటర్ ఉంటే డావిన్చీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ సరిపోతుంది. అడ్డంగా తీసిన 4కే వీడియో నుంచి నిలువు ముక్క కోస్తే 1215 పిక్సెల్స్ వెడల్పు వస్తుంది, షార్ట్స్‌కి కావాల్సిన 1080కి అది చాలు. ఫుల్ హెచ్‌డీలో తీసి కోస్తే 607 మాత్రమే, మసకబారుతుంది. కాబట్టి 4కేలో తీయండి, మనిషిని ఫ్రేమ్ మధ్యలో పెట్టండి. సౌండ్ మైనస్ 14 లఫ్స్ దగ్గర ఉంచితే యూట్యూబ్ తగ్గించదు. మిక్స్ అయ్యాక ఇయర్‌ఫోన్స్‌లో కాకుండా మామూలు ఫోన్ స్పీకర్‌లో ఒకసారి వినండి. డప్పు వినపడకపోతే మళ్లీ చేయాల్సిందే.

ఆదాయం మీద ముందే ఆశలు వద్దు. యాడ్ డబ్బులు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు ఏడాదిలో 4 వేల గంటల వాచ్‌టైమ్ లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ ఉండాలి. కాపీరైట్ క్లెయిమ్ వస్తే ఆ వీడియో డబ్బులు క్లెయిమ్ చేసినవాళ్లకి పోతాయి, లేదా వీడియో బ్లాక్ అవుతుంది. స్ట్రైక్ అయితే ఇంకా సీరియస్. 90 రోజుల్లో మూడు పడితే ఛానలే పోతుంది. పొరపాటున పడిందనుకుంటే, మీ దగ్గర సంతకాల కాగితం ఉంటే అక్కడే అప్పీల్ చేసుకోవచ్చు.

డిస్క్రిప్షన్‌లో మొదటి లైన్ పాడినవాళ్ల పేరు, ఊరు. రెండో లైన్ పాట ఎక్కడి నుంచి సేకరించారో. ఆ తర్వాతే మీ డైరెక్షన్, కెమెరా, ఎడిటింగ్. అప్‌లోడ్ చేసే ముందు రోజు వీడియోని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని అవ్వ ఇంటికెళ్లి టీవీలో చూపించండి. మాట తప్పు వినపడితే ఆమె అక్కడే చెబుతుంది, సరిచేయడానికి ఇంకా ఒక రాత్రి ఉంటుంది.